కంప్యూటరులో ప్రవేశపట్టిక: దానిని నెలకొల్పు విధము

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో నొక చిన్న సంగతి కలదు. బబులోను చెరనుండి యెరూషలేమునకు తిరిగి వచ్చినవారిలో కొందఱు తాము యాజకుల వంశస్థులమని చెప్పుకొనిరి. కాని వంశావళుల పట్టికలో వారి పేరులు వెదకగా కనబడలేదు. అందుచేత వారు యాజకత్వమునుండి తొలగింపబడిరి. వారు చెప్పినది సత్యమే యైయుండవచ్చును. అయినను ఆ సత్యమునకు వ్రాతపూర్వకమైన సాక్ష్యము లేకపోయెను. మేమీ సంగతిని చదివినప్పుడెల్ల పాఠశాల ఆఫీసుగదిలోని బీరువాయు, అందలి అడ్మిషన్ రిజిస్టరులును మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

అడ్మిషన్ రిజిస్టరు చూచుటకు సామాన్యమైన పుస్తకమే. బాలుని పేరు, తలిదండ్రుల పేరులు, పుట్టినతేది, చేరిన తరగతి, విడిచిన తేది, టి.సి. సంఖ్య, అంతియే. కాని పదవ తరగతి సర్టిఫికెట్టులోని పుట్టినతేదికి మూలము పాఠశాల రికార్డే. ఆ సర్టిఫికెట్టునుబట్టి ఉద్యోగమును, ఉద్యోగమునుబట్టి విరమణమును, విరమణమునుబట్టి పింఛనును నడచును. మన జంగారెడ్డిగూడెము మండలములో తాడువాయి, చల్లావారిగూడెములయొద్ద పోలవరము ప్రాజెక్టు ముంపు గ్రామములవారికి పునరావాస కాలనీలు కట్టబడినవి. అట్టి కుటుంబముల పిల్లలకు పుట్టిన యూరు, ఆడుకొన్న గట్టు, మొదట చదివిన బడి అన్నియు వెనుకబడినవి. వారి చేత మిగిలినది టి.సి. కాగితము. ఊరు విడిచిన బిడ్డకు పట్టికలోని తన పంక్తి యెంత విలువైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలకు, విరమణకు దగ్గరపడిన పూర్వవిద్యార్థి యొకరు వచ్చి, తమ పుట్టినతేదికి నకలు కావలెనని కోరిరి. బీరువా తెఱచి ఆ సంవత్సరపు రిజిస్టరును తీయగా అట్ట మాత్రము చేతికి వచ్చెను. లోపలి పుటలను చెదలు తినివేసినవి. ఆయన కోపపడలేదు. "నేను చదివిన గది యింకా ఉందా, మాష్టారూ?" అని యడిగి, పోయి చూచి, వెడలిపోయిరి. ఆనాడే మేమొక నిశ్చయము చేసికొంటిమి. కాగితపు రిజిస్టరును విడువరాదు. కాని దానికి తోడుగా మఱియొక ప్రతిని కంప్యూటరులో నిలుపవలెను. ఆ పని యెట్లు చేయవలెనో, అందు మేము పడిన పొరపాటు లెవ్వియో, విద్యార్థులకును తోడి యుపాధ్యాయులకును వివరింప నుద్దేశించితిమి.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. కావున ముందు సబ్‌ట్రెజరీని తలంచుకొందము. అచ్చట కిటికీ కీవల మనము నిలువవలెను. లోపలి గుమాస్తాకు చీటీ నందిచ్చిన, అతడు వెదకి కావలసినది తెచ్చి యిచ్చును. గుమాస్తా రానినాడు లోపల ధనమున్నను మనకందదు. బ్యాంకులు, రైల్వే రిజర్వేషను మున్నగువాని పెద్ద డేటాబేసు లిట్టివే. సర్వరు అను నొక ప్రోగ్రాము రేయింబవళ్లు మేలుకొని, పలుచోట్లనుండి వచ్చు కోరికలకు జవాబు చెప్పుచుండును. ఇక మన యింటి బీరువాను తలంచుకొందము. దానికి గుమాస్తా లేడు, కిటికీ లేదు. తాళపుచెవి గల యింటివారే తెఱచి, తీసి, మరల పెట్టుకొందురు. ఎంబెడెడ్ డేటాబేసు అనునది ఈ రెండవ జాతికి చెందినది. అది వేఱొక ప్రోగ్రాముగా నడువదు. మనము వ్రాసిన డెస్క్‌టాప్ ప్రోగ్రాములోనే యొక భాగమై యుండి, సమాచారమంతయు డిస్కుమీది యొక ఫైలులో దాచును.

ఇట్టివానిలో నేడు మిక్కిలి వ్యాప్తిగలది ఎస్‌క్యూలైట్. దాని పుట్టుక గమనింపదగినది. డి. రిచర్డ్ హిప్ అను అమెరికా దేశస్థుడు ఆ దేశపు యుద్ధనౌక కొకదానికి పనికివచ్చు ప్రోగ్రామును వ్రాయుచుండెను. ఓడకు దెబ్బ తగిలినప్పుడు ఏ గొట్టముల కవాటములు మూయవలెనో, ఏవి తెఱువవలెనో చెప్పుట దాని పని. సమాచారము వేఱొక సర్వరులో నుండుటచేత, ఆ సర్వరు పలుకనప్పుడు ఈ ప్రోగ్రామును మూగపోవుచుండెను. ఆపదకాలమున ఉపయోగింపవలసిన సాధనమున కిట్టి లోపము తగదు. కావున సర్వరు అక్కఱలేని డేటాబేసు నొకదానిని ఆయన తానే నిర్మించి, 2000 సంవత్సరము ఆగస్టులో విడుదల చేసెను. నేడది ఆండ్రాయిడు ఫోనులలోను, ఐఫోనులలోను, ఫైర్‌ఫాక్సు బ్రౌజరులోను ఉన్నది. ఆండ్రాయిడు ఫోనులోని వాట్సాపు సందేశములును దానియందే నిలువయుండును. హిప్ దానిపై హక్కు లేవియు నుంచుకొనక సర్వజనుల సొత్తుగా విడిచిపెట్టెను. ప్రోగ్రాము మూలప్రతుల మొదట మామూలుగా నుండు హక్కుల హెచ్చరికకు మాఱుగా, వాడువారు మేలు చేయవలెనను నర్థముగల చిన్న ఆశీర్వాదము వ్రాయబడియున్నది. మన పాఠశాల పిల్లలు తప్పక తెలిసికొనదగిన సంగతి యిది.

సమాచారమును ఒకదానితో నొకటి సంబంధముగల పట్టికలుగా విభజించు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఇ. ఎఫ్. కాడ్ ప్రతిపాదించెను. మేమును దానినే యనుసరించి మూడు పట్టికలు గీసికొంటిమి. మొదటిది విద్యార్థులది: ప్రవేశసంఖ్య, పేరు, తలిదండ్రుల పేరులు, పుట్టినతేది, చేరిన తేది, తరగతి, విడిచిన తేది. రెండవది టి.సి.లది: టి.సి. సంఖ్య, ప్రవేశసంఖ్య, ఇచ్చిన తేది. మూడవది దిద్దుబాటులది. కాగితపు రిజిస్టరులో తప్పును చెఱిపివేయము గదా! ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన సరియైనది వ్రాయగా, ప్రధానోపాధ్యాయులు పొడి సంతకము చేయుదురు. కంప్యూటరులోనైతే పాత యక్షరము జాడలేకుండ పోవుట సులభము. కావున ఏ గడి మార్చినను పాత విలువ, క్రొత్త విలువ, మార్చిన వేళ అను మూడును దిద్దుబాటు పట్టికలో తమంతట తామే చేరునట్లు "ట్రిగ్గరు" అను నేర్పాటు చేసితిమి.

పట్టికలకు కట్టుబాటులును విధింపవలెను. ఒకే ప్రవేశసంఖ్య యిద్దఱికి రారాదు. రిజిస్టరులో లేని విద్యార్థి పేర టి.సి. పుట్టరాదు. ఈ రెండవ కట్టుబాటును "ఫారిన్ కీ" యందురు. ఎస్‌క్యూలైటులో దీనిని ఒకసారి వ్రాసినంత మాత్రమున చాలదు. ప్రోగ్రాము ఫైలును తెఱచిన ప్రతిసారియు దీనిని పాటింపుమని యాజ్ఞ యియ్యవలెను. లేనిచో అది యూరకుండును. సంఖ్య యుండవలసిన గడిలో అక్షరములు వ్రాసినను ఎస్‌క్యూలైట్ మామూలుగా నంగీకరించును. అట్లు జరుగకుండుటకు 2021లో వచ్చిన "స్ట్రిక్టు" పట్టికలను వాడవలెను. తేదికి ప్రత్యేకమైన గడి లేదు. ముందు సంవత్సరము, పిమ్మట నెల, ఆ పిమ్మట దినము వచ్చునట్లు 2011-06-04 అని వ్రాసిన, తేదులు కాలక్రమములో నిలుచును. మనవారి వాడుకచొప్పున 04-06-2011 అని వ్రాసినచో, వరుసపెట్టినప్పుడు అన్ని సంవత్సరముల నాలుగవ తేదులును ఒకచోట గుంపుగూడును.

తెలుగు పేరుల వరుసలోను ఒక చిక్కు కలదు. యూనికోడులో ప్రతి యక్షరమునకు నొక సంఖ్య కలదు. ఎస్‌క్యూలైట్ ఆ సంఖ్యలనుబట్టియే వరుసపెట్టును. మన వర్ణమాలను అది యెఱుగదు. ఆ సంఖ్యలలో ళకారము వకారమునకు ముందు వచ్చును. మన నిఘంటువులలో నైతే హకారమునకును తరువాత వచ్చును. కావున కవిత తరువాత రావలసిన కళావతి ముందుగా వచ్చి కూర్చుండును. మేము వర్ణమాల క్రమమును ప్రోగ్రాములో వేఱుగ వ్రాసి డేటాబేసునకు నేర్పవలసివచ్చెను.

ప్రోగ్రామును పైథాన్ భాషలో వ్రాసితిమి. ఎస్‌క్యూలైటును వాడుటకు కావలసిన సాధనము 2006నుండి ఆ భాషతోనే వచ్చుచున్నది. తెరమీద గడులును బొత్తములును గీయు టికింటర్ అను సాధనమును దానితోనే యుండును. కావున కొనవలసినది గాని, పని జరుగుచుండగా ఇంటర్‌నెట్టుమీద ఆధారపడవలసినది గాని లేదు. మా బల్లమీది కంప్యూటరులో నది చక్కగా నడచెను. చిక్కంతయు ఆఫీసుగదిలోని కంప్యూటరునకు దానిని చేర్చినప్పుడు వచ్చెను. ప్రోగ్రామును వ్రాయగానే పని ముగిసినదని చాలమంది తలంతురు. మేమును అట్లే తలంచితిమి.

ఆఫీసు కంప్యూటరులో పైథాన్ లేదు. కావున పైఇన్‌స్టాలర్ అను సాధనముతో మా ప్రోగ్రామును, పైథానును, ఖాళీ డేటాబేసు ఫైలును కలిపి యొకే మూటగా కట్టి తీసికొనిపోయితిమి. గుమాస్తాగారు మొదటినాడు నలువది పేరులెక్కించి, ప్రోగ్రామును మూసి యింటికి పోయిరి. మఱునాడు తెఱచి చూడగా నొక్క పేరును లేదు. తమదే పొరపాటనుకొని వారు మరల నలువది పేరులను ఎక్కించిరి. మూడవనాడును పట్టిక శూన్యముగానే యుండెను. అప్పుడు మేము పోయి విచారింపగా దోషము మాదేయని తేలెను. అట్లు ఒకే ఫైలుగా కట్టిన మూట, నడపిన ప్రతిసారియు తనలోని వస్తువులను ఒక తాత్కాలికపు ఫోల్డరులో విప్పుకొనును. ప్రోగ్రామును మూయగానే ఆ ఫోల్డరును తుడిచివేయును. గుమాస్తాగారు వ్రాసిన పేరులన్నియు నందులోనే వ్రాయబడి, దానితోకూడ పోయినవి. మేము సిగ్గుపడి నిలువగా, "నలభై పేర్లతోనే బయటపడింది నయం మాష్టారూ, నాలుగువేలు ఎక్కించాక అయితే ఏం చేద్దుం?" అని వారే మమ్ము నోదార్చిరి.

ఆనాడు మేము నేర్చుకొన్న పాఠమే యీ వ్యాసమునకు సారము. ప్రోగ్రాము కలమువంటిది, డేటాబేసు రిజిస్టరువంటిది. కలము పాతబడిన మార్చవచ్చును, విఱిగిన పాఱవేయవచ్చును. రిజిస్టరు మాత్రము కలముతోపాటు పోరాదు. కాబట్టి రెండింటిని వేఱువేఱు చోట్ల నుంచవలెను. విండోసులో ప్రోగ్రాములుండు "ప్రోగ్రామ్ ఫైల్స్" అను చోట సామాన్యముగా వాడువారికి వ్రాయు నధికారము లేదు. ఆ యంత్రమును వాడువారందఱును పంచుకొను సమాచారమునకై "ప్రోగ్రామ్‌డేటా" అను వేఱొక చోటు కలదు. అచ్చట నొక ఫోల్డరు చేసి, దానిలో వ్రాయు నధికారమును వాడుకదారులకు స్థాపనసమయముననే యియ్యవలెను. లేనిచో ఒకరు సృష్టించిన ఫైలును మఱియొకరు చదువగలరుగాని మార్చజాలరు. ఇన్నో సెటప్ అను సాధనముతో మేము స్థాపించు ప్రోగ్రామును సిద్ధపఱచి, దానికి రెండు కట్టడలు వ్రాసితిమి. డేటాబేసు ఫైలు ఇదివఱకే యున్నచో దానిని తాకరాదు. ప్రోగ్రామును తీసివేసినను ఆ ఫైలును తీసివేయరాదు.

కొంతకాలమునకు పట్టికలో క్రొత్త గడి చేర్చవలసి రావచ్చును. అప్పుడు క్రొత్త ప్రోగ్రామునకు పాత ఫైలు ఎదురగును. దీనికై ఎస్‌క్యూలైట్ ఫైలు మొదట, మన యిష్టమువచ్చిన సంఖ్య నొకదానిని వ్రాసికొనుటకు చోటు కలదు. మేము మొదటి రూపమునకు 1 అని వ్రాసితిమి. ప్రోగ్రాము తెఱవబడగానే ఆ సంఖ్యను చదువును. అది తక్కువయైనచో ముందు పాత ఫైలునకు నకలు తీసి, పిమ్మట కావలసిన మార్పులను వరుసగా చేసి, సంఖ్యను పెంచును.

వేసవి గాలివానలకు కరెంటు పోవుట మనకు క్రొత్తగాదు. టి.సి. యిచ్చునప్పుడు ప్రోగ్రాము రెండు పనులు చేయును. టి.సి. పట్టికలో వ్రాయుట యొకటి, విద్యార్థి పేరునెదుట విడిచిన తేది వేయుట రెండవది. మొదటిది జరిగి, రెండవది జరుగకముందే కరెంటు పోయిన నేమగును? ఈ రెండింటిని ఒకే "ట్రాన్సాక్షను"గా కట్టినచో రెండును జరుగును, లేదా రెండును జరుగవు. ఎట్లనగా, ఎస్‌క్యూలైట్ తన ఫైలులోని పుటను మార్చుటకు ముందు దాని పాత రూపమును ప్రక్కనే "జర్నలు" అను వేఱొక ఫైలులో వ్రాసియుంచును. పని పూర్తియైన పిమ్మట దానిని తీసివేయును. నడుమ కరెంటు పోయినచో, మరల తెఱచినప్పుడు జర్నలు మిగిలియుండుట చూచి, పాత పుటలను యథాస్థానమున నుంచును. కావున డేటాబేసు ప్రక్కన తెలియని ఫైలు కనబడినంత మాత్రమున చెత్తయని తుడిచివేయరాదు. మేలు చేయు సాధనమును మనమే పాడుచేసికొన్నవార మగుదుము.

ప్రోగ్రాము నడచుచుండగా డేటాబేసు ఫైలును పెన్‌డ్రైవులోనికి ఊరక నకలు చేయుటయు ప్రమాదమే. సగము మార్పు జరిగిన స్థితి నకలులో పడవచ్చును. 2019నుండి ఎస్‌క్యూలైటులో "వాక్యూమ్ ఇంటూ" అను నాజ్ఞ కలదు. అది పొందికయైన పూర్తి ప్రతిని వేఱొక ఫైలుగా వ్రాసి యిచ్చును. మా ప్రోగ్రాము సాయంత్రము మూయబడునప్పుడు తేదితోకూడ నొక ప్రతిని తీయును. శనివారమున ఆ ప్రతిని పెన్‌డ్రైవులో నెక్కించి వేఱొక భవనములో భద్రపఱచుదుము. రెండు ప్రతులను ఒకే బీరువాలో నుంచిన చెదలకు రెండు విందులు పెట్టినట్లే. నెలకొకసారి ఆ ప్రతిని మఱియొక యంత్రములో తెఱచి, ఫైలు చెడలేదని తెలుపు "ఇంటిగ్రిటీ చెక్" అను పరీక్ష జరిపి, ఏవైన పది పేరులను కాగితపు రిజిస్టరుతో సరిచూతుము. ఒకసారియు తెఱచి చూడని ప్రతిని నమ్ముట, దిద్దని జవాబుపత్రమునకు మార్కులు వేయుటవంటిది.

ఈ పద్ధతికి హద్దులును కలవు. పరిమాణమునుగూర్చి భయపడనక్కఱలేదు. ఒక్కొక్క విద్యార్థికి 500 బైట్లు పట్టుననుకొన్నను, 10,000 మందికి సుమారు 5 మెగాబైట్లే యగును. ఫోనుతో తీసిన యొక ఛాయాచిత్రమునకు దాదాపు సమానము. యూనికోడులోని తెలుగక్షరము సామాన్యముగా 3 బైట్లు తీసికొనుననుటయు ఈ లెక్కలో చేరియున్నది. కాని ఎస్‌క్యూలైటులో ఒక సమయమున నొక్కరే వ్రాయగలరు, చదువువారెందఱైన నుండవచ్చును. ఒకే ఫైలును నెట్‌వర్కుమీది ఫోల్డరులో నుంచి, నాలుగు గదులనుండి నలుగురు వ్రాయుట క్షేమముగాదు; అట్టిచోట ఎవరు వ్రాయుచున్నారో తెలుపు తాళములు సరిగా పనిచేయక ఫైలు చెడవచ్చును. పాఠశాల పెద్దదై, పలువురు ఒక్కసారి వ్రాయవలసివచ్చినచో సర్వరుగల డేటాబేసునకే పోవలెను. ఇంటి బీరువాతో ట్రెజరీ నడుపరాదు.

మఱియొక సంగతి. మామూలు ఎస్‌క్యూలైట్ ఫైలునకు రహస్యలిపి లేదు. ఆ ఫైలు చేతికి చిక్కినవా రెవ్వరైనను చదువగలరు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టములో పిల్లల వివరములకై ప్రత్యేకముగ నొక సెక్షను చేర్చబడినది. చట్టము లేకున్నను, నమ్మి బిడ్డను మన బడిలో చేర్చిన తలిదండ్రులకు మనము బాధ్యులము. కావున ఆధారు సంఖ్యలవంటి వక్కఱలేని వివరములను ఇందు చేర్చలేదు. పెన్‌డ్రైవునకు రహస్యసంకేతము పెట్టితిమి. ఆ సంకేతమును కాగితముపై వ్రాసి, సీలువేసిన కవరులో ప్రధానోపాధ్యాయులయొద్ద నుంచితిమి. మాలో నొకరు బదిలీయైనను పట్టిక మూతపడిపోరాదు గదా!

ఎస్‌క్యూలైటును నిర్మించినవారు దానిని 2050వఱకు పోషింప సంకల్పించితిమని ప్రకటించియున్నారు. నేడు ఆఱవ తరగతిలో చేరు బిడ్డ అప్పటికి నడివయస్సున నుండును. అంతకాలము మా ప్రోగ్రాము నిలుచునని మేము తలంపము. ఎవరో యొక విద్యార్థి ఇంతకంటె మేలైనదానిని వ్రాయును. వ్రాయవలెననియే మా కోరిక. అప్పుడా క్రొత్త ప్రోగ్రాము చదువుటకు ఈ ఫైలు చెడకుండ నుండిన, మా పని నెఱవేఱినట్లే.

చెదలు తిన్న యా పుటలను మేము మరల తేలేము. తేది నిరూపింపలేక వెనుదిరిగిన యా పెద్దమనిషికి మే మియ్యగలిగినది ఆయన చదివిన గదిని చూపుట మాత్రమే. కాని తాడువాయి కాలనీనుండి యీ యేడు మా గుమ్మము త్రొక్కిన బిడ్డ, నలువది యేండ్ల తరువాత వచ్చి తన పేరు అడిగినచో, ఆనాడు బల్లవద్ద కూర్చుండువారు వెదకి, కనుగొని, చేతికి నకలు ఇయ్యగలుగుదురుగాక.